గోల్, లక్ష్యం, ఆశయం: ఏది ఏదో తేల్చుకుని పని మొదలుపెట్టే విధానం

ఫుట్‌బాల్ ఆటగాడు గోల్ కొడతాడు. క్రికెట్ జట్టు లక్ష్యాన్ని ఛేదిస్తుంది. రాజకీయ నాయకుడు పేదరిక నిర్మూలనే తన ధ్యేయమని ప్రకటిస్తాడు. చదువు ముగించిన యువతి తన జీవితాశయం గురించి చెబుతుంది. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి గోల్ అన్న ఒక్క మాటే సరిపోతుంది. ఆ మాటకు అలవాటుపడిన మనం కూడా ఇవన్నీ ఒకే జాతికి చెందినవని అనుకుంటున్నాం. నిజానికి వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో రీతిలో పూర్తవుతుంది, కొన్ని ఎప్పటికీ పూర్తికావు. ఏ రకమైనదో తెలియకుండా మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోవడానికి బద్ధకం కన్నా ఈ గందరగోళమే ఎక్కువసార్లు కారణమవుతుందని నా నమ్మకం. ఆ గందరగోళాన్ని తొలగించుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ముందు మాటను తేల్చుకోవాలి

లక్ష్యం అంటే గురి చూసి కొట్టవలసిన గుర్తు. అయితే తెలుగులో ఈ మాటకు ఇంకొక ముఖం ఉంది. ‘ఎంత చెప్పినా లక్ష్యపెట్టలేదు’ అన్నప్పుడు పట్టించుకోలేదని అర్థం. నిర్లక్ష్యం అన్న మాటను మనం రోజూ వాడుతూనే ఉంటాం, కానీ అందులో లక్ష్యం దాగి ఉన్న సంగతి గమనించం. చేరవలసిన చోటునీ, చూపు నిలపవలసిన చోటునీ మన భాష ఒకే మాటతో చెబుతోందన్నమాట. సంవత్సరారంభంలో కాగితం మీద రాసి మళ్ళీ తిరిగి చూడని సంకల్పాన్ని ఈ లెక్కన లక్ష్యం అనడానికి వీల్లేదు, ఎందుకంటే దాన్ని మనం లక్ష్యపెట్టడమే లేదు.

మిగిలిన మాటలకూ ఇలాంటి వివరమే ఉంది. గమ్యం అంటే నడిచి చేరవలసిన చోటు, కాబట్టి అందులో దారి, దూరం ఇమిడి ఉంటాయి. ధ్యేయం అంటే ధ్యానించదగినది, మనసు దానిపై నిలవాలి తప్ప దాన్ని దాటి వెళ్ళడం ఉండదు. ఆశయం మనసులో నిలిచి ఉండే కోరిక, దానికి గడువు ఉండదు. గురి అన్న చిన్న మాటకు గుర్తు అన్న అర్థంతో పాటు నమ్మకం అన్న అర్థం కూడా ఉంది. ‘ఆ వైద్యుడి మీద మాకు గురి’ అంటాం. నమ్మకం లేనిచోట గురి కుదరదన్న అనుభవం ఆ వాడుకలో కనిపిస్తుంది.

మీ మనసులో ఉన్న కోరిక ఏ రకమైనదో తెలుసుకోవడానికి దాన్ని ఒక పూర్తి వాక్యంగా రాసి మూడు ప్రశ్నలు వేయండి. అది పూర్తయిందని చెప్పడానికి దాటవలసిన గీత ఏదైనా ఉందా? దాటామో లేదో ఎవరు నిర్ణయిస్తారు? అది పూర్తయిన మర్నాడు ఏం జరుగుతుంది? ‘ఈత నేర్చుకోవాలి’ అన్న వాక్యానికి గీత గీయవచ్చు: ఆగకుండా 50 మీటర్లు ఈదడం. పక్కన నిలబడి చూసేవారు ఎవరైనా నిర్ణయించగలరు. మర్నాడు మన పనుల పట్టిక నుంచి దాన్ని కొట్టివేయవచ్చు. అది లక్ష్యం. ‘మంచి తండ్రిగా ఉండాలి’ అన్న వాక్యానికి గీత లేదు, నిర్ణయించే రెఫరీ లేడు, పూర్తయిన మర్నాడు అన్నది అసలే లేదు. అది ఆశయం. ఈ రెండో దానికి గడువు పెట్టి కొలవబోతే మనసుకు అలసట తప్ప మరేమీ మిగలదు. మొదటిదాన్ని గడువు లేకుండా వదిలేస్తే అది కలగానే ఉండిపోతుంది.

ఆట నేర్పేది: గీత ఎక్కడ ఉంది

ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. రెండు స్తంభాల మధ్య, అడ్డుకర్ర కింద నుంచి బంతి మొత్తంగా గీతను పూర్తిగా దాటినప్పుడే గోల్ అవుతుంది. బంతి అంచు వెంట్రుకవాసి గీత మీదే ఉన్నా అది గోల్ కాదు. ఈ నియమంలోని ‘మొత్తంగా’ అన్న మాట ఎంత విలువైనదో 1966 ప్రపంచకప్ ఫైనల్ చెబుతుంది. అదనపు సమయంలో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి అడ్డుకర్రకు తగిలి కిందపడింది. అది గీతను దాటిందని అధికారులు తేల్చారు. పశ్చిమ జర్మనీ అభిమానులు ఒప్పుకోలేదు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీదే ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డుకర్రకు తగిలి గీతకు బాగా అవతల పడినా రెఫరీ గోల్ ఇవ్వలేదు. 2014 ప్రపంచకప్ నాటికి బంతి గీతను దాటిందో లేదో రెఫరీ చేతి గడియారానికి తెలియజేసే సాంకేతిక ఏర్పాటు వచ్చింది.

మనం దీని నుంచి తీసుకోవలసిన పద్ధతి స్పష్టమైనది. లక్ష్యం రాసేటప్పుడే గీతను గీయాలి, దాటినదీ లేనిదీ నిర్ణయించే పని సాధ్యమైతే ఇంకొకరికి అప్పగించాలి. ‘కొంచెం మిగిలింది, అయినట్టే’ అని చెప్పుకునే అవకాశం మన చేతిలో ఉన్నంతకాలం ఆటగాడూ రెఫరీ రెండూ మనమే అయి ఆడుతున్నట్టు లెక్క. గీతతో పాటు ఎక్కడి నుంచి కొట్టాలన్నది కూడా రాయాలి. హాకీలో బంతి గోల్‌లోకి వెళ్ళినంత మాత్రాన సరిపోదు, గోల్ ముందున్న డి ఆకారపు వలయంలో దాడి చేసే జట్టు ఆటగాడి స్టిక్‌కు అది తగిలి ఉండాలి. వలయం బయటి నుంచి ఎంత బలంగా కొట్టి నేరుగా లోపలికి పంపినా దానికి లెక్క లేదు. పరీక్షలో ఉత్తీర్ణత ఒక లక్ష్యమైతే, కాపీ కొట్టకుండా ఉత్తీర్ణత సాధించడం దాని వలయం.

ఇక ఆటలో గోల్ కొట్టడమే ఆట గోల్ కాకుండా పోయిన సందర్భం ఒకటి ఉంది. ఈ విషయం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తుకొచ్చేది అదే. 1994 జనవరిలో కరేబియన్ కప్ అర్హత పోటీల్లో బార్బడోస్, గ్రెనడా తలపడ్డాయి. బార్బడోస్ ముందుకు వెళ్ళాలంటే రెండు గోల్స్ తేడాతో గెలవాలి. ఆ పోటీలో ఒక వింత నియమం ఉంది: అదనపు సమయంలో కొట్టిన గోల్‌తో ఆట ముగుస్తుంది, ఆ ఒక్క గోల్‌ను రెండుగా లెక్కిస్తారు. ఆట చివరి నిమిషాల్లో బార్బడోస్ 2-1 ఆధిక్యంలో ఉంది, ఆ తేడా చాలదు. ఇంకో గోల్ కొట్టే వీలు కనిపించకపోవడంతో బార్బడోస్ ఆటగాడు బంతిని కావాలని తమ గోల్‌లోకే కొట్టాడు. స్కోరు 2-2 అయితే అదనపు సమయం వస్తుంది, అందులో ఒక్క గోల్ కొడితే రెండు గోల్స్ తేడా దక్కుతుంది. సంగతి గ్రహించిన గ్రెనడా మిగిలిన నిమిషాల్లో రెండు వైపులా ఉన్న గోల్స్‌లో ఎందులోనైనా బంతి వేయడానికి ప్రయత్నించింది, ఎందుకంటే ఒక గోల్ తేడాతో ఓడినా వారికి అర్హత దక్కుతుంది. బార్బడోస్ ఆటగాళ్ళు మైదానం రెండు చివరలా కాపలా కాశారు. చివరికి అదనపు సమయంలో గోల్ కొట్టి 4-2తో గెలిచారు.

ఆ ఆటగాళ్ళు తప్పు చేయలేదు. నియమం ఏం కోరిందో అదే చేశారు. తప్పు కొలతను తయారుచేసిన వారిది. ఇంట్లోనైనా కార్యాలయంలోనైనా ఒక లక్ష్యం పెట్టేముందు ‘దీన్ని సాధించడానికి మాకు మేమే గోల్ కొట్టుకోవలసిన పరిస్థితి వస్తుందా?’ అని ఒకసారి ఆలోచించాలి. పది నిమిషాలు పట్టే ఈ ఆలోచన చేయకుండా పెట్టిన లక్ష్యాలు మనుషుల చేత విచిత్రమైన పనులు చేయిస్తాయి.

క్రికెట్‌లో గోల్ లేదు, లక్ష్యం ఉంది. ప్రత్యర్థి చేసిన పరుగులకు ఒకటి కలిపితే వచ్చేదే రెండో జట్టు లక్ష్యం. 50 ఓవర్లలో 300 పరుగులు చేయాలంటే ఓవర్‌కు ఆరు. 20 ఓవర్లు గడిచేసరికి 90 పరుగులే వస్తే మిగిలిన 30 ఓవర్లలో 210 కావాలి, అంటే ఓవర్‌కు ఏడు. దూరంగా కనిపించే పెద్ద అంకెను ఈ క్షణంలో చేయవలసిన చిన్న అంకెగా మార్చి చూపించే ఈ లెక్కను నిత్యజీవితంలో ఎవరైనా వాడుకోవచ్చు. వంద రోజుల్లో చదవవలసిన వెయ్యి పేజీలను రోజుకు పది పేజీలుగా మార్చి, వారానికొకసారి మిగిలిన పేజీలను మిగిలిన రోజులతో భాగించి చూసుకుంటే, ఆలస్యం పెరిగి భారమయ్యేలోపే కళ్ళకు కనిపిస్తుంది.

వర్షం పడితే లక్ష్యాన్ని మార్చవలసి వస్తుంది. ఎలా మార్చాలన్నది అసలైన చిక్కు. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండ్‌పై దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 పరుగులు కావలసి ఉండగా వాన పడింది. ఆట తిరిగి మొదలయ్యేసరికి ఆ లెక్క ఒక్క బంతికి 21 పరుగులుగా మారింది. నియమం ముందే ఉంది, కానీ ప్రత్యర్థి అతి తక్కువ పరుగులు చేసిన ఓవర్లను తీసివేయాలని చెప్పిన ఆ నియమం ఛేదిస్తున్న జట్టు చేతిలో ఇంకా ఏం మిగిలి ఉందో చూడలేదు. తరువాత వచ్చిన డక్‌వర్త్-లూయిస్ పద్ధతిని 1997 జనవరి 1న తొలిసారి అంతర్జాతీయ ఆటలో వాడారు. అది మిగిలిన ఓవర్లనూ మిగిలిన వికెట్లనూ కలిపి లెక్కగడుతుంది. మన లక్ష్యాలకూ ఇలాంటి వాన పడుతుంది. జబ్బు చేస్తుంది, ఉద్యోగం మారుతుంది, ఇంట్లో ఎవరికో మన అవసరం వస్తుంది. పోయిన పది రోజుల పనిని మిగిలిన మూడు రోజుల్లో కుక్కడం ఒక్క బంతికి 21 పరుగులు అడగడంతో సమానం. మిగిలిన రోజులనూ మిగిలిన శక్తినీ కలిపి చూసి కొత్త అంకె వేసుకోవాలి. ఏ పరిస్థితిలో ఎంత తగ్గించుకోవచ్చో మొదటిరోజే రాసి ఉంచుకుంటే, తగ్గించుకున్న రోజున మనల్ని మనం మోసం చేసుకుంటున్నామన్న అనుమానం కలగదు.

రాజకీయ లక్ష్యాన్ని చదవడం

రాజకీయాల్లో లక్ష్యం పెట్టేవారు కొందరు, దాని ఫలితం అనుభవించేవారు కోట్లమంది. అందువల్ల ఇక్కడ మన పని ఎక్కువగా చదవడమే. బాగా రాసిన రాజకీయ లక్ష్యం ఎలా ఉంటుందో చూపడానికి ఒక వాక్యం చాలు. 1961 మే 25న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ ఆ దేశ చట్టసభల ఎదుట మాట్లాడుతూ, ఆ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీద దింపి క్షేమంగా భూమికి తిరిగి తీసుకురావాలని ప్రతిపాదించాడు. అందులో చేయవలసిన పని ఉంది, గడువు ఉంది, ‘క్షేమంగా తిరిగి’ అన్న షరతు ఉంది. 1969 జులై 20న ఇద్దరు మనుషులతో వాహనం చంద్రుడి మీద దిగినప్పుడు లోకమంతా సంబరపడినా, ఆ వాక్యం ప్రకారం లక్ష్యం నెరవేరింది మాత్రం వారు సముద్రంలో క్షేమంగా దిగిన జులై 24న. షరతును వాక్యంలోనే చేర్చడం వల్ల, వేగం కోసం మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టి కూడా గెలిచామని చెప్పుకునే వీలు లేకపోయింది.

దానికన్నా నాకు గొప్పగా తోచే ఉదాహరణ మశూచి నిర్మూలన. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముమ్మర కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు లక్ష్యం ఒక్కటే, లోకంలో ఒక్క మశూచి రోగి కూడా ఉండకూడదు. దానికి మొదట ఎంచుకున్న మార్గం జనాభాలో కనీసం 80 శాతం మందికి టీకాలు వేయడం. అయితే ఎక్కువమందికి టీకాలు వేసిన చోట్ల కూడా వ్యాధి కొనసాగుతూ వచ్చింది. రోగి ఎక్కడ కనిపిస్తే అక్కడికి వెళ్ళి, వారిని వేరుగా ఉంచి, చుట్టుపక్కల వారందరికీ టీకాలు వేసే పద్ధతి తక్కువ టీకాలతోనే వ్యాధిని ఆపుతోందని క్షేత్రంలో తేలింది. కార్యక్రమం ఆ దారికి మళ్ళింది. సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో నమోదైంది. 1980 మే 8న మశూచి నిర్మూలన పూర్తయిందని ప్రకటించారు. టీకాల శాతమే లక్ష్యమని పట్టుబట్టి ఉంటే లెక్కలు పూర్తయ్యేవి, వ్యాధి మాత్రం మిగిలేది. గమ్యాన్ని కదలకుండా ఉంచి దారిని మార్చుకోగలగడం ఎలాగో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

దీనికి వ్యతిరేకంగా జరిగిన సంగతి 1902లో హనోయ్‌లో కనిపిస్తుంది. ఫ్రెంచి వలస ప్రభుత్వం ఎలుకలను తగ్గించాలనుకుని, చంపిన ఎలుక తోక తెచ్చి చూపినవారికి డబ్బు ఇస్తామంది. తోకలు గుట్టలుగా వచ్చాయి. కొన్నాళ్ళకు వీధుల్లో తోకలేని ఎలుకలు తిరుగుతూ కనిపించాయి. తోక కోసి ఎలుకను వదిలేస్తే అది పిల్లల్ని పెడుతుంది, మళ్ళీ తోకలు దొరుకుతాయి. ఎలుకలు తగ్గడం లక్ష్యం, తోకల సంఖ్య కొలత. కొలతకు డబ్బు కట్టడంతో లక్ష్యం మరుగున పడిపోయింది. కొలత మీద ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ కొలత నమ్మదగనిదిగా మారుతుందన్న సూత్రాన్ని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం సందర్భంలో చెప్పాడు. అది అన్నిచోట్లా పనికివస్తుంది.

కాబట్టి ఎన్నికల ప్రణాళికనో ప్రభుత్వ పథకాన్నో చదివేటప్పుడు అందులోని వాక్యాలను మూడు అంతస్తులుగా విడదీసుకోవాలి. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఇందుకు మంచి నమూనా. పైన 17 లక్ష్యాలు ఉంటాయి, వాటి కింద 169 ఉపలక్ష్యాలు, వాటి కింద కొలిచే సూచికలు. అందరికీ ఆరోగ్యం అన్నది పై అంతస్తు, అది ఆశయం. 2030 నాటికి ప్రపంచంలో ప్రసూతి మరణాలను లక్ష సజీవ జననాలకు 70 లోపుకు తేవాలన్నది దాని కింది అంతస్తు, దానికి గీత ఉంది. ఏ లెక్క ద్వారా తెలుసుకుంటామన్నది మూడోది. పై అంతస్తు మాత్రమే ఉన్న వాగ్దానం అబద్ధం కానక్కరలేదు, కానీ అది నెరవేరలేదని నిరూపించే దారి మనకు ఉండదు. కింది అంతస్తు మాత్రమే ఉన్న పథకం తోకలు లెక్కపెట్టే పథకంగా మారవచ్చు. రెండూ ఉన్నాయా, గడువు నాయకుడి పదవీకాలంలోపే ఉందా, లెక్క తీసేవారు ఆ నాయకుడి కింద పనిచేసేవారేనా అని అడిగితే సగానికి పైగా సంగతి తేలిపోతుంది.

పక్షి కన్ను తప్ప మరేమీ కనిపించలేదన్న అర్జునుడి కథను నాయకత్వ పాఠంగా తరచు చెబుతుంటారు. విలువిద్యకు ఆ చూపు సరైనదే. కానీ పాలకుడికి కొమ్మ, చెట్టు, చెట్టు కింద నిలబడిన మనుషులు కూడా కనిపించాలి. ఆ కథను అన్ని సందర్భాలకూ వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు.

మన పుస్తకంలో రాసుకునేటప్పుడు

నిత్యజీవితంలో మనం పెట్టుకునే లక్ష్యాల్లో చాలావరకు ఎవరివో. రోజుకు 10,000 అడుగులు నడవాలన్న నియమాన్నే చూడండి. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుకు ‘పదివేల అడుగుల మీటరు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు, ఆ అంకె అక్కడి నుంచి లోకమంతా పాకింది. వైద్య పరిశోధన నుంచి పుట్టిన అంకె కాదది. వృద్ధ మహిళల మీద జరిగి 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అడుగులు పెరిగినకొద్దీ మరణాల రేటు తగ్గుతూ వచ్చి, 7,500 దగ్గర ఆ తగ్గుదల నిలిచిపోయిందని తేలింది. నడక మంచిదే. కానీ 6,000 నడిచి ఓడిపోయానని బాధపడేవారు ఎవరి గీతను చూసి బాధపడుతున్నారో ఒకసారి ఆలోచించాలి. అంకెను అరువు తెచ్చుకునేముందు అది ఎక్కడ పుట్టిందో విచారించడం ఈ పద్ధతిలో ముఖ్యమైన మెట్టు.

నా సంగతే చెబుతాను. ఒక సంవత్సరం 50 పుస్తకాలు చదవాలని రాసుకున్నాను. గీత ఉంది, గడువు ఉంది, లెక్క సరిపోతుంది. ఏడో నెల వచ్చేసరికి అల్మారా ముందు నిలబడి పుస్తకాల వీపులను చూస్తూ సన్నగా ఉన్నదాన్ని బయటికి తీస్తున్నానని గమనించాను. నిజంగా చదవాలనుకున్న లావుపాటి చరిత్ర గ్రంథం ఏడాదిన్నరగా అదే అరలో, అదే చోట, పై అంచున దుమ్ముతో అలాగే ఉంది. నేను తోకలు కోస్తున్నాను. ఆ రోజు 50 అన్న అంకెను కొట్టివేసి, ‘పొద్దున్న లేవగానే, ఫోన్ ముట్టుకోకముందు, కిటికీ పక్క కుర్చీలో అరగంట’ అని రాసుకున్నాను. ఆ గ్రంథం పూర్తికావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ వాక్యంలో వేళ, చోటు, ఆనవాలు ఉన్న సంగతి గమనించండి. ‘ఫలానా వేళ ఫలానా చోట ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకున్నవారు ఉత్త సంకల్పం చెప్పుకున్నవారి కన్నా ఎక్కువగా పని పూర్తిచేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపాయి. ‘శక్తివంచన లేకుండా చేస్తాను’ అనుకోవడం కన్నా స్పష్టమైన, కొంత కష్టమైన లక్ష్యం మెరుగైన ఫలితం ఇస్తుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పాటు చేసిన పనిలో తేలింది. వారే గమనించిన ఇంకొక సంగతి ఉంది. పని పూర్తిగా కొత్తదై, చిక్కుగా ఉన్నప్పుడు ఫలితం మీద అంకె పెట్టుకోవడం కన్నా, ‘దీన్ని చేసే మూడు పద్ధతులు కనుక్కుంటాను’ వంటి నేర్చుకునే లక్ష్యం పెట్టుకోవడం మేలు. వీణ మొదలుపెట్టిన మొదటి నెలలో కచేరీ తేదీ నిర్ణయించుకోవడం వల్ల ఉపయోగం లేదు.

ఇవన్నీ కలిపి ఒక పేజీ మీద ఇలా రాసుకోవచ్చు. పైన ఆశయం ఒక వాక్యంలో, తేదీ లేకుండా రాయాలి. దాని కింద ఈ మూడు నాలుగు నెలలకు సరిపోయే లక్ష్యం ఒక్కటి, గీతతోనూ గడువుతోనూ రాయాలి. పక్కనే, ఏ పని చేసి ఈ గీతను దాటితే దాటినట్టు కాదో రాయాలి, అది మీ వలయం. ఆ కింద వేళ, చోటు. ఇంకా కింద, జబ్బు చేస్తే అంకె ఎంత తగ్గుతుందో. చివరగా, దాటినదీ లేనిదీ చెప్పే మనిషి పేరు. ఆ పేజీని రోజూ కంటపడే చోట ఉంచాలి.

గడువు తీరేలోపే లక్ష్యం మీద గురి పోతే, ఆ వాక్యాన్ని చెరిపేయకుండా దాని మీద ఒక గీత కొట్టి, పక్కన తేదీనీ కారణాన్నీ రాయండి. పై వాక్యమైన ఆశయం ఇంకా నిజమేనా అని చూడండి. నిజమైతే దాని కింద కొత్త లక్ష్యం రాయండి, నిజం కాకపోతే పేజీ తిప్పండి. నా పుస్తకంలో అలా గీత కొట్టిన వాక్యాలు చాలా ఉన్నాయి. 50 పుస్తకాల వాక్యం పక్కన ‘సన్నవి ఏరుతున్నాను’ అని రాసి ఉంది.